వెనక కాళ్లు ముందుకు రాని కుక్క

ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను. కుక్క పేరు కూడా అసలుది కాదు, ఇక్కడ దాన్ని చుక్క అంటాను. నేను కుక్కల ప్రవర్తన మీద పనిచేస్తాను, వెటర్నరీ డాక్టర్ని కాను. ఈ కేసులో నా పొరపాటు ఒకటుంది. దానివల్ల ఒక మనిషికి కాటు పడింది. ఇది రాయడానికి ముఖ్య కారణం అదే.

ఇంటికి రాకముందు

చుక్క ఆడ ఇండీ, అంటే మన నాటు కుక్క. గోధుమరంగు, దాదాపు మూడేళ్లు, 14 కిలోలు. వీధిలో పుట్టి పెరిగింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినట్టు గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. రోడ్డు పక్కన పడి ఉంటే ఎవరో షెల్టర్‌కి చేర్చారట. అక్కడ 14 నెలలు ఉంది. షెల్టర్ ఇచ్చిన కాగితంలో టీకాల తేదీల కింద "పాత గాయం, మానింది" అని ఒక ముక్క రాసి ఉంది. అది నేనూ చదివాను. చదివి పేజీ తిప్పేశాను.

తెచ్చుకున్న కుటుంబం హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటుంది. భార్యాభర్తలు, పదకొండేళ్ల పాప, ఆయన తల్లి. కుక్క కావాలన్న పట్టుదల ఆయనది. నాలుగు ఆదివారాలు వరసగా షెల్టర్‌కి వెళ్లి చుక్కనే ఎంచుకున్నారు. మిగతావన్నీ మొరుగుతూ మీదికి ఎగబడుతుంటే ఇదొక్కటే మూలన కదలకుండా కూర్చుందట. తల మీద చెయ్యేస్తే వేయించుకుందట. "చాలా శాంతం సార్, ఎవర్నీ ఏమీ అనదు" అన్నారట షెల్టర్‌లో. వాళ్లు అబద్ధమేం చెప్పలేదు, వాళ్లకు కనిపించింది అదే.

భయపడ్డ జంతువు పారిపోతుంది, లేదా ఎదురు తిరుగుతుంది. రెండూ కుదరకపోతే బిగుసుకుపోతుంది. షెల్టర్ గదుల జాలీ తలుపు లోపల మొదటి రెండూ కుదరవు. సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో ప్రచురించిన ప్రయోగంలో, తప్పించుకునే వీల్లేకుండా షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత దారి ఉన్నచోట కూడా ఆ దారి వెతక్కుండా పడుకుండిపోయాయి. ఘోరమైన ప్రయోగం. కానీ షెల్టర్‌లో మూలన కూర్చున్న కుక్కను చూసినప్పుడల్లా నాకది గుర్తొస్తుంది. చుక్కకు ఎవరూ షాకులు పెట్టలేదు. అయితే ఏం చేసినా ఏమీ మారదని అది ఎప్పుడో తేల్చేసుకుంది. అలాంటి కుక్కను నిజంగా శాంతంగా ఉండే కుక్క నుంచి విడదీసి చూడటానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. తల మీది చెయ్యి తీసేసి ఐదు సెకన్లు ఆగాలి. ఇష్టపడ్డ కుక్క ఇంకా కావాలన్నట్టు ముందుకు జరుగుతుంది. చుక్క జరిగిందా అని ఆయన్ని అడిగితే, "తీసి చూడలేదు మేడమ్" అన్నారు.

మొదటి తొమ్మిది రోజులు

జూన్ రెండో వారంలో ఇంటికొచ్చింది. వచ్చిన సాయంత్రమే షాంపూ పెట్టి స్నానం చేయించారు, వాసన వస్తోందని. రాత్రి ఎనిమిదింటిదాకా పక్క ఫ్లాట్ల పిల్లలు చూడ్డానికి వచ్చిపోతూనే ఉన్నారు. తెల్లారేసరికి చుక్క మంచం కింద, గోడకి అతుక్కుని ఉంది. కాలర్ పట్టుకుని రెండుసార్లు బయటికి లాగారు. ఆయన ఎత్తుకుని లిఫ్ట్‌లో కిందికి తీసుకెళ్తే ఆయన చొక్కా మీదే పోసేసింది. అది మొదలు ఒకసారి దాదాపు 30 గంటలు మూత్రం బిగబట్టింది. నాకు ఫోన్ చేసింది ఆ రోజే.

కుక్కలు సర్దుకోవడానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క ప్రచారంలో ఉంది. స్థూలంగా పనికొచ్చే లెక్కే. కానీ నాలుగో రోజుకి కూడా మంచం కిందే ఉంటే ఆ లెక్క ఇంట్లోవాళ్లకు టెన్షన్ పెడుతుంది. ఆ టెన్షన్‌లో మంచం కిందికి చెయ్యి పెడతారు.

నేను వెళ్లిన రోజు హాల్లో నలభై నిమిషాలు కుక్క వైపు చూడకుండా మాట్లాడుతూ కూర్చున్నాను. అప్పటికి దాని చోటు డైనింగ్ టేబుల్ వెనక మూల. ఏసీ నడుస్తున్నా నాలుక బయటపెట్టి రొప్పుతోంది. తల కదపకుండా కళ్లు మాత్రం తిప్పుతోంది, తెల్లగుడ్డు కనిపించేలా. మధ్యమధ్య సీలింగ్ ఫ్యాన్ వైపు చూసి ఒంటిని ఇంకా కిందికి నొక్కుకుంటోంది. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా కుక్కపిల్ల ఏమేం చూస్తుందో అదే దానికి మామూలు లోకం. చుక్క ఆ వయసులో లారీలు, ఆవులు, చెత్తకుండీలు చూసి ఉంటుంది. ఫ్యాన్, మిక్సీ, అద్దం, తలుపు మూసిన గది చూసి ఉండదు. ఇంకో సంగతి కూడా గమనించాను: ఆడవాళ్లు కదిలితే చూసి ఊరుకునేది, ఆయన కుర్చీలోంచి లేస్తే మాత్రం గోడలోకి దూరిపోవాలన్నంత పని చేసేది. తెచ్చుకున్న మనిషినే చూసి అలా చేస్తుంటే ఆయనకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నా మొదటి ప్లాన్

ముందు మూత్రం సంగతి చూశాం. లిఫ్ట్ ఎక్కించడం పూర్తిగా మాన్పించాను. షెల్టర్‌కి వెళ్లి కుక్కలు మూత్రం పోసేచోట మట్టి ఒక సంచీ నిండా తెమ్మన్నాను. బాల్కనీలో పెద్ద ప్లాస్టిక్ ట్రేలో పోయించాను. కుక్క దేని మీద పోయాలన్నది కాలికి తగిలే నేలనీ, వాసననీ బట్టి నేర్చుకుంటుంది. చుక్క కాళ్లకు తెలిసింది మట్టి, టైల్స్ కాదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక వెళ్లి పోసింది. మూడు రోజులకోసారి మట్టి మార్చేవాళ్లు. పెద్దావిడ ముక్కు మూసుకుంటూనే ఒప్పుకున్నారు.

డైనింగ్ టేబుల్‌కి మూడు వైపులా పాత దుప్పట్లు వేలాడదీసి దాన్నొక గుహలా చేశాం. ఎవరూ ముట్టుకోకూడదు, తొంగి చూడకూడదు అన్నాను. ఇంతవరకు బాగానే ఉంది.

తర్వాత చేసిందే తప్పు. రోజుకు మూడుసార్లు ఆయనే అరచేతిలో ఉడికించిన చికెన్ ముక్క పెట్టుకుని చెయ్యి చాపి కూర్చోవాలని చెప్పాను. నా లెక్క మామూలుదే: చుక్కకు అందరికంటే ఆయనంటేనే భయం, అన్నిటికంటే చికెన్ అంటే ఇష్టం, రెంటినీ కలిపితే భయం తగ్గుతుంది. ఈ సలహా చాలా ఇళ్లలో ఇచ్చాను, కొన్నిచోట్ల పనిచేసింది కూడా. ఇలా మొదలుపెట్టిన ఆరో రోజున చేతిలోంచి తింది. "చేతిలోంచి తింటోంది, చాలా బాగుంది" అని రాసుకున్నాను. ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆయన చెయ్యి చాపారు. చుక్క మెడ సాచి ముక్క అందుకుంటోంది. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. చుక్క వెనక్కి గుంజుకుంది. టైల్స్ మీద వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారిపోయాయి. కుయ్యిమని అరిచి, పట్టుకోబోయిన ఆయన మణికట్టు కొరికింది. రక్తం వచ్చింది.

కుక్కకు రేబిస్ టీకా వేయించి ఉన్నా సరే, గాయాన్ని సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగమన్నాను, వెంటనే ఆసుపత్రికి పంపాను. డాక్టర్ చూసి 0, 3, 7, 28 రోజుల లెక్కన టీకాలు మొదలుపెట్టారు. కుక్కను పది రోజులు గమనించమన్నారు. మన ఇంటి కుక్కే కదా అని ఈ ఒక్క విషయంలో ఎవరూ ఉపేక్షించకూడదు.

చుక్క రెండు రోజులు బాత్రూంలో బకెట్ వెనక నుంచి రాలేదు. వచ్చాక, చికెన్ పెట్టే స్టీలు గిన్నె కనిపిస్తే చాలు, వెనక్కి తిరిగి వెళ్లిపోయేది.

ఉంచుకోవాలా, తిరిగి ఇచ్చేయాలా

పెద్దావిడ సూటిగా అడిగారు: "ఇంట్లో ఆడపిల్ల ఉంది, రేపు దాని మొహం మీద కరిస్తే?" న్యాయమైన ప్రశ్న. ఇలాంటప్పుడు కుటుంబాన్ని సిగ్గుపడేలా చేసి కుక్కను ఉంచేయించే వాళ్లున్నారు. నేనలా చేయను. తిరిగి ఇవ్వడం పాపమేమీ కాదని ముందే చెప్పాను. అయితే ఇది తరిమి వచ్చి కరిచిన కాటు కాదు, జారిపడి అరిచినప్పుడు చెయ్యి ఎదురొస్తే పడిన కాటు. అదే నిజమైతే, ఆ పరిస్థితి మళ్లీ రాకుండా చూడగలమా లేదా అన్నదే మనం తేల్చుకోవాల్సింది. పది రోజులు టైం అడిగాను. ఆ పది రోజులూ హాలుకీ పాప గదికీ మధ్య చిన్నపిల్లలకు పెట్టే గేటు ఉండాలి, పాప కుక్కతో ఒంటరిగా ఉండకూడదు. ఒప్పుకున్నారు.

పాప వీడియో

పాప మొదటి రోజు నుంచీ ఫోన్‌లో వీడియోలు తీస్తోంది. కాటు రోజుది కూడా ఉంది. ఆ రాత్రి దాన్ని నెమ్మది స్పీడులో పదిసార్లు చూశాను. మొదట చూసినప్పుడల్లా నా కళ్లు మూతి మీదే, చేతి మీదే ఉన్నాయి. తర్వాతెప్పుడో కిందికి చూశాను.

మెడ సాగింది. ముందు కాళ్లు ఒక అడుగు వేశాయి. వెనక కాళ్లు మాత్రం వేసినచోటే ఉన్నాయి. ఒంటి బరువంతా వాటి మీదే, ఏ క్షణమైనా వెనక్కి దూకడానికి. పాత వీడియోలు తీశాను. ఆరో రోజు, నేను "చాలా బాగుంది" అని రాసుకున్న రోజు, అప్పుడూ అంతే. వెనక కాళ్లు ఏ ఒక్కరోజూ ఒక్క అంగుళం ముందుకు రాలేదు.

అది ధైర్యం కాదు, ఆకలి. చికెన్ ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది, చికెన్ గెలుస్తుంది. ముక్క నోట్లో పడగానే లాగేది ఇంకేమీ ఉండదు. అప్పుడు తలెత్తి చూస్తే మొహానికి జానెడు దూరంలో తను అందరికంటే భయపడే మనిషి చెయ్యి ఉంటుంది. రోజుకు మూడుసార్లు, ఆరో రోజు నుంచి పన్నెండో రోజు దాకా దానికి ఇదే అనుభవం. వేటగాడు వల ముందు నూకలు చల్లినట్టే. చల్లమన్నది నేను. గిన్నెను చూసి పారిపోయిందంటే వింతేముంది, ఆ గిన్నె వస్తే తర్వాత ఏమవుతుందో దానికి తెలిసిపోయింది.

వీడియోలో ఇంకోటి కూడా కనబడింది. నిలబడినప్పుడు ఎడమ వెనక కాలి వేళ్లు మాత్రమే నేలకు ఆనుతున్నాయి. "పాత గాయం, మానింది" అన్న ముక్క అప్పుడు గుర్తొచ్చింది.

డాక్టర్ ముందే రాసిచ్చిన మాత్ర వేసి, దుప్పటి కప్పిన క్రేట్‌లో తీసుకెళ్లారు. మత్తిచ్చి ఎక్స్‌రే తీశారు. కటి ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది, బహుశా బండి తగిలి. ఎడమ తొడ కండ కుడిదాని కంటే పలచబడింది. రక్తపరీక్షల్లో టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) లేదు, కిడ్నీ, లివర్ బాగున్నాయి. కాబట్టి కుక్కలకిచ్చే నొప్పి మందు మొదలుపెట్టారు. (మన డబ్బాలో ఉండే ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కలకు విషం, సొంత వైద్యం వద్దు.) మత్తులో ఉండగానే గోళ్లు కూడా కత్తిరించారు. బాగా పెరిగి ఉన్నాయి. పెరిగిన గోళ్లతో టైల్స్ మీద నిలబడటం మనం తడి నేల మీద స్కేట్లు కట్టుకుని నిలబడటం లాంటిది.

వెనక కాళ్లు కదలకపోవడం భయమా, నొప్పా అని కుటుంబం అడిగింది. రెండూ. వెనక్కి దూకితే జారుతుందనీ, జారితే నొప్పెడుతుందనీ తెలిసిన కుక్కకు, పారిపోవడమే కష్టమైన కుక్కకు, ఎదుటి మనిషి ఇంకా భయంకరంగా కనిపిస్తాడు.

రెండో ప్లాన్

ముందు నేల సంగతి చూశాం. టేబుల్ నుంచి బాల్కనీ దాకా, నీళ్ల గిన్నె దాకా యోగా మ్యాట్లు, అడుగున రబ్బరున్న కాలిపట్టాలు వరసగా పరిచాం. పెద్ద ఖర్చేమీ కాదు. మూడో రోజుకి చుక్క పగటిపూట బయటికి రావడం మొదలుపెట్టింది. వాగులో రాళ్ల మీద అడుగులేసినట్టు ఒక మ్యాట్ మీంచి ఇంకో మ్యాట్ మీదికి. మధ్యలో రెండంగుళాల టైల్ వస్తే ఆగి, చూసి, దాటేది. నొప్పి మందు పనిచేసిందా, మ్యాట్లు పనిచేశాయా అంటే విడదీసి చెప్పలేను, రెండూ ఒకే వారంలో మొదలయ్యాయి. పద్ధతి ప్రకారమైతే ఒకటొకటిగా చేసి చూడాలి. అందుకోసం నొప్పిలో ఉన్న కుక్కను ఇంకో వారం ఆపలేం కదా.

తర్వాత తిండి. చేత్తో పెట్టడం పూర్తిగా బంద్. స్టీలు గిన్నె కూడా మార్చేశాం. ఆయన నేల మీద పక్కకు తిరిగి కూర్చుంటారు, కుక్క వైపు చూడరు. ఒక ముక్క చుక్క వెనక్కి విసురుతారు. ముందుకు కాదు, వెనక్కి. చుక్క ఆయనకు దూరంగా వెళ్లి తింటుంది. ఇక తిరిగి వస్తుందా రాదా అన్నది దాని ఇష్టం. వస్తే ఇంకో ముక్క, మళ్లీ వెనక్కే. పది ముక్కలయ్యాక "అయిపోయింది" అని చెప్పి ఆయన అక్కడినుంచి వెళ్లిపోవాలి, అదీ కుక్కకు ఇంకా కావాలనిపిస్తుండగానే.

ఆయనకిది నచ్చలేదు. "దగ్గరికి రమ్మని తెచ్చుకుంటే దూరంగా పొమ్మని విసరమంటారేంటి?" అన్నారు. దూరం పోవడం కూడా దానికి బహుమానమే అని చెప్పాను. పైగా ఇప్పుడు దగ్గరికి రావడానికి చికెన్ ఎర లేదు. వస్తే అది వచ్చినట్టు, మనం లాగినట్టు కాదు.

పాప మ్యాట్ల మీద అడుగుకొక రంగు టేప్ అంటించింది. రోజూ రాయాల్సింది ఒక్కటే: వెనక కాళ్లు ఏ టేప్ దాటాయి? మూతి ఎక్కడిదాకా వచ్చింది, ఎన్ని ముక్కలు తింది అనేవి రాయొద్దన్నాను. మొదటి వారం ఎర్ర టేప్ దగ్గరే. ఎనిమిదో రోజు పసుపు. తర్వాత బోనాల డప్పులు మోగిన ఆదివారం మళ్లీ ఎర్రదానికి వెనక. పదహారో రోజున పాప నాకు మెసేజ్ పెట్టింది, "రెండు కాళ్లూ పచ్చ దాటాయి, కానీ నాన్న తుమ్మాడు" అని.

ఆయన లేవడమే పెద్ద భయం కాబట్టి, లేచే ముందు రెండు సెకన్లు ఆగి "లేస్తున్నా" అని చెప్పి, చిన్నగా లేవమన్నాను. భయపడే జీవికి చప్పుడు కంటే హఠాత్తుగా రావడమే ఎక్కువ హాని. ముందు మాట వినబడితే తప్పుకోవడానికి టైం ఉంటుంది. టైం ఉందని తెలిస్తే కొన్నాళ్లకు తప్పుకోవడం మానేస్తుంది. మొదట్లో "లేస్తున్నా" అనగానే టేబుల్ కిందికి పోయేది. నెల తిరిగేసరికి చెవులు మాత్రం తిప్పేది. ఆయన ఆఫీసులో కూడా కుర్చీలోంచి లేస్తూ ఆ మాట అనేశారట.

కుక్కర్ పని పెద్దావిడ తీసుకున్నారు. అంతకుముందు విజిల్ రాబోతోందనగానే దృష్టి మళ్లించడానికి తిండి పెట్టేవాళ్లు. అలా చేస్తే తిండి పెట్టడమే విజిల్‌కి సూచన అయిపోతుంది, తిండి చూసినా భయమేస్తుంది. వరస తిరగేయాలి: విజిల్ ముందు, ముక్క తర్వాత. కుక్కర్ వంటింట్లోంచి వెనక వాష్ ఏరియాకి మార్చి, తలుపు వేసి, విజిల్ పడ్డ ప్రతిసారీ ఆవిడ నెయ్యి రాసిన ఇడ్లీ ముక్క టేబుల్ కిందికి విసిరేవారు. చికెన్ ముట్టనన్నారు, ఇడ్లీ సరిపోయింది. ఆరు వారాలకు చుక్క విజిల్ వినగానే ఆవిడ కోసం చూడటం మొదలుపెట్టింది.

రోజూ వేసే ఆందోళన మందు సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఫ్లుయాక్సెటిన్ లాంటివి పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నొప్పి తగ్గాక రంగు టేపులు దాటుతుండటంతో డాక్టర్ ప్రస్తుతానికి వద్దన్నారు. పండగల కోసం మాత్రం అవసరానికి వేసే మాత్ర రాశారు. దాన్ని మామూలు రోజున ఒకసారి వేసి చూశాం, ఎంతసేపటికి ఎక్కుతుందో, తూలుతుందో లేదో తెలియడానికి. దీపావళి రాత్రే మొదటిసారి వేసి చూడటం జూదం.

బయటికి తీసుకెళ్లడం సెప్టెంబరు దాకా మొదలుపెట్టలేదు. లిఫ్ట్ తలుపు తెరిచి ఉంచి గుమ్మం దగ్గర నిలబడటంతో మొదలై, సెల్లార్ దాకా చేరడానికి మూడు వారాలు పట్టింది. తెల్లారుజామున ఐదింటికి, ఎవరూ లేనప్పుడు. రెండు లీష్‌లు (పట్టుకునే తాళ్లు): ఒకటి కాలర్‌కి, ఒకటి పొట్ట వెనక కూడా పట్టీ ఉన్న హార్నెస్‌కి (ఒంటికి తొడిగే పట్టీల జత). భయపడ్డ కుక్క వెనక్కి గుంజుకుని మామూలు హార్నెస్‌లోంచి చొక్కా విప్పినట్టు బయటపడుతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఒకరు కుక్క లిఫ్ట్ ఎక్కకూడదన్నారు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన సర్క్యులర్‌లో లిఫ్ట్ వాడకుండా ఆపకూడదని ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని ప్రింట్ తీసి ఇచ్చారు, అక్కడితో సద్దుమణిగింది.

నిమజ్జనం డీజేలకు బాత్రూంలో మ్యాట్ పరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఉంచాం. మాత్ర వేసినా వణికింది. దీపావళికి వణుకు తగ్గింది గానీ రాత్రి అన్నం ముట్టలేదు, ఉదయం తింది.

ఇప్పుడు

ఏడు నెలలైంది. కొత్తవాళ్లు వస్తే ఇప్పటికీ టేబుల్ కిందికే. పాప పక్కన పడుకుంటుంది, పొట్ట చూపిస్తుంది. గేటు ఇంకా ఉంది, రాత్రిళ్లు వేస్తారు. ఆయన్ని తల మీద చెయ్యి వేయనివ్వదు. ఆయన సోఫాలో కూర్చుంటే వచ్చి వీపు ఆయన పాదానికి ఆనించి, మొహం అటు తిప్పుకుని కూర్చుంటుంది. చెయ్యి దించితే లేచిపోతుంది. ఆయన దించడం లేదు.

ఇకమీదట నేను మార్చుకున్నవి రెండు. భయం కేసు ఏదొచ్చినా, ముఖ్యంగా షెల్టర్ కాగితంలో గాయం అన్న మాట ఉంటే, డాక్టర్ ఒళ్లంతా తడిమి చూడకుండా ప్లాన్ రాయను. రెండోది, చేతిలోంచి తింటోందని ఎవరైనా సంతోషంగా చెబితే వీడియో పంపమంటాను, కాళ్లు కనిపించేలా తీయమంటాను.

గత వారం ఆయన వీడియో పంపారు. పొద్దున ఆఫీసుకు వెళ్తూ గుమ్మం దగ్గర వంగి షూ లేసులు కట్టుకుంటున్నారు. చేతిలో ఏమీ లేదు. చుక్క చివరి మ్యాట్ కొసదాకా వచ్చి ఆగింది. ముందు కాళ్లు టైల్ మీద పెట్టింది. తర్వాత కుడి వెనక కాలు. కాసేపు ఆలోచించి ఎడమది. నాలుగు కాళ్లూ వట్టి టైల్ మీద, షూ వాసన చూస్తూ.

కింద మెసేజ్: "మేడమ్, ఇక మ్యాట్లు తీసేయొచ్చా?"

వద్దన్నాను.